డ్రాపర్ మీద గీత చూశారా? పసిపిల్లల విటమిన్ చుక్కల సంగతి

మా బుజ్జిదానికి మూడో నెల నడుస్తుండగా డీ3 విటమిన్ చుక్కల సీసా అయిపోయింది. మా ఆయన గుంటూరు బ్రాడీపేటలో ఇంటి దగ్గర మెడికల్ షాపుకి వెళ్ళి ఖాళీ సీసా చూపిస్తే, ఆ కంపెనీది స్టాకు లేదని ఇంకోటి ఇచ్చాడు. "అదే మందు అన్నా, పేరు వేరు, అంతే" అన్నాట్ట. నిజమే, అదే మందు. కాకపోతే పాత సీసాలో ఒక ఎం.ఎల్.కి 400 ఐయూ (విటమిన్‌ని కొలిచే యూనిట్లు) ఉంటే కొత్తదాంట్లో ఒక ఎం.ఎల్.కి 800 ఉంది. నేను అలవాటు కొద్దీ డ్రాపర్లో 1 అని ఉన్న గీత దాకా లాగి పోసేస్తున్నాను. అలా పద్దెనిమిది రోజులు. ఒకరోజు మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని తీరుబడిగా అట్టపెట్టె చదువుతూ "ఇదేందమ్మాయ్, దీని మీద ఎనిమిదొందలని ఉందే" అనేదాకా నాకు తెలీదు.

వెంటనే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆవిడ ఎన్ని రోజులు ఇచ్చాం, రోజుకి ఎంత ఇచ్చాం అని అడిగి, "ఆరు నెలల్లోపు బిడ్డకి రోజుకి వెయ్యి యూనిట్ల దాకా ఇబ్బంది ఉండదు, మీరు ఇచ్చింది ఎనిమిదొందలు, కంగారేం లేదు, రేపట్నుంచి అర ఎం.ఎల్. చాలు" అని రెండు నిమిషాల్లో తేల్చేశారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మంచి చేస్తున్నాననుకుంటూ నేనే ఎక్కువ పోస్తున్నాను కదా, పోసిన ప్రతిసారీ చక్కగా నోరు తెరిచి మింగింది పాపం.

అందుకే ఇదంతా రాస్తున్నా. నేను డాక్టర్ని కాను, ఇద్దరు పిల్లల తల్లిని. పెద్దోడికి మూడున్నరేళ్ళు, చిన్నదానికి పదకొండు నెలలు. ఇద్దరి దగ్గరా చేసిన తప్పులు, డాక్టర్లని అడిగి తెలుసుకున్నవి, ఇక్కడ కలిపి చెప్తాను.

ముందు అసలు ఎన్ని కావాలో చూద్దాం, ఎందుకంటే మెడికల్ షాపు అద్దాల వెనక ఉన్న సీసాలు చూస్తే పిల్లల పెంపకం అంటే రోజుకి ఆరు రకాల సిరప్పులు అనిపిస్తుంది. నెలలు నిండి, మంచి బరువుతో పుట్టి, తల్లిపాలు తాగుతున్న బిడ్డకి కావలసినవి నాలుగే. పుట్టగానే కే విటమిన్ ఇంజెక్షన్, మొదటి ఏడాదంతా డీ చుక్కలు, ఆరు నెలలు దాటాక ఐరన్, తొమ్మిదో నెల నుంచి ఆరు నెలలకోసారి ఏ విటమిన్. ఐరన్ విటమిన్ కాదు, ఖనిజం, అయినా ఇంట్లో అన్నీ ఒకే బుట్టలో ఉంటాయి కాబట్టి దాన్ని వదలను. మిగతావన్నీ, అంటే మల్టీవిటమిన్లు, కాల్షియం సిరప్పులు, ఆకలి టానిక్కులు, ఏదో ఒక కారణం ఉండి డాక్టర్ రాస్తే తప్ప అక్కర్లేదు.

కే గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. పుట్టిన పిల్లలకి రక్తం గడ్డకట్టడానికి కావలసిన కే విటమిన్ ఒంట్లో చాలా తక్కువ ఉంటుంది, తల్లిపాలలోనూ అంతంతమాత్రమే, అందుకే పుట్టిన కాసేపటికే తొడకి 1 మిల్లీగ్రాము ఇంజెక్షన్ చేస్తారు. ఆసుపత్రి వాళ్ళే చేసేస్తారు, మీరు చేయాల్సిందల్లా డిశ్చార్జి కాగితంలో అది రాసి ఉందో లేదో చూసుకోవడం. లేకపోతే అప్పుడే అడగండి.

డీ విటమిన్: గుంటూరు ఎండలకి కూడా లొంగనిది

"మన ఊళ్ళో ఎండకేం తక్కువమ్మా, చుక్కలెందుకు" అని మా ఇంట్లో పెద్దవాళ్ళందరూ అన్నారు. రోహిణి కార్తెలో ఇక్కడ రోడ్డు మీద నిలబడితే ఆ మాట కాదనడం కష్టమే. కానీ పసిబిడ్డని ఆ ఎండలోకి ఎవరు తీసుకెళ్తారు? పొద్దున ఏడింటికి స్నానానికి ముందు లేత ఎండలో పడుకోబెడతాం, అది బిడ్డకి వెచ్చగా హాయిగా ఉంటుంది, తప్పేమీ లేదు, అయితే చర్మంలో డీ విటమిన్ తయారయ్యే కిరణాలు ఆ వేళకి చాలా తక్కువ. అవి పదింటి నుంచి మూడింటి మధ్య ఎక్కువ, ఆ టైములో మనం కర్టెన్లు వేసి ఏసీ పెట్టుకుని ఉంటాం. కిటికీ అద్దంలోంచి పడే ఎండ ఎంతసేపు తగిలినా లాభం లేదు, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. నువ్వుల నూనె మర్దనా అంతే, ఒంటికి మంచిదే, డీ విటమిన్ మాత్రం దాంతో రాదు.

తల్లిపాలలో అన్నీ ఉంటాయి కదా అంటారు. డీ మాత్రం సరిపడా ఉండదు, పైగా మనలో చాలామంది తల్లులకే ఒంట్లో డీ తక్కువ. అందుకే మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం, అంటే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పుట్టిన మొదటి రోజుల నుంచి ఏడాది నిండేదాకా రోజుకి 400 ఐయూ ఇవ్వమంటుంది. మైక్రోగ్రాముల్లో చెప్తే 10. డబ్బాపాలు తాగే పిల్లలకి ఆ పొడిలోనే డీ కలిపి ఉంటుంది, కాకపోతే రోజుకి దాదాపు లీటరు తాగితేనే 400 అందుతుంది, చిన్నపిల్లలు అంత తాగరు కాబట్టి వాళ్ళ సంగతి డాక్టర్ని అడిగి తేల్చుకోండి.

ఇప్పుడు అసలు విషయం, కొలత. సీసా కొన్న ప్రతిసారీ, అవును, అదే కంపెనీది కొన్నా సరే, అట్టపెట్టె మీద "ఒక్కో ఎం.ఎల్.లో" అని రాసిన చోటు వెతకండి. 400 ఉంటే 1 ఎం.ఎల్., 800 ఉంటే అర ఎం.ఎల్. డాక్టర్ చీటీ మీద "డీ3 డ్రాప్స్ 1 ఎం.ఎల్." అని మాత్రమే ఉంటే అది ఏ సీసాకి అని అక్కడే అడిగి, పక్కన 400 ఐయూ అని రాయించుకోండి. ఎం.ఎల్. అనేది సీసాతో పాటు మారిపోతుంది, 400 మారదు. నేను చేసిన తప్పంతా ఇదే, యూనిట్లు మర్చిపోయి గీతని గుర్తుపెట్టుకున్నాను.

డ్రాపర్ కూడా సీసాకి సీసాకి వేరు. పాత డ్రాపర్ బాగుంది కదా అని కడిగి కొత్త సీసాకి వాడకండి. మా ఇంట్లో ఇప్పుడు కొత్త సీసా రాగానే డ్రాపర్ మీద మేం ఇవ్వాల్సిన గీత దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క పెడతాను, అత్తయ్యకి కళ్ళజోడు లేకపోయినా కనిపిస్తుంది. డ్రాపర్ పగిలిపోతే మెడికల్ షాపులో సూది లేని 1 ఎం.ఎల్. సిరంజి అడగండి. ఇన్సులిన్ సిరంజి మాత్రం వద్దు. దాని మీద కూడా "యూనిట్లు" అనే ఉంటుంది, ఆ యూనిట్లకీ విటమిన్ యూనిట్లకీ ఏ సంబంధమూ లేదు. సుగర్ ఉన్న తాతయ్యలు ఉన్న ఇళ్ళలో ఆ సిరంజి చేతికి అందుతూనే ఉంటుంది, అందుకే చెప్తున్నా.

ఇంకో రెండు ప్రమాదాలు మన ఊళ్ళకి ప్రత్యేకం. ఒకటి, అమెరికా సీసా. గుంటూరు, విజయవాడల్లో అమెరికాలో చుట్టాలు లేని ఇల్లు వెతకాలి. మా ఆడపడుచు వచ్చేటప్పుడు ముచ్చటపడి తెచ్చిన సీసా చూస్తే, దాంట్లో ఒక్క చుక్కలోనే 400 ఐయూ. మన పద్ధతిలో ఒక ఎం.ఎల్. పోసి ఉంటే ఇరవై పైచిలుకు చుక్కలు, అంటే ఎనిమిది వేల యూనిట్లకి పైమాటే. ఆ సీసా చెడ్డదేం కాదు, చక్కగా ఒక చుక్క చనుమొన మీదో శుభ్రమైన వేలి మీదో వేసి చీకించొచ్చు, కాకపోతే ఇంట్లో రెండు రకాలు పెట్టుకుంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు పొరపడతారు. నేను దాన్ని వదినకే తిరిగి ఇచ్చేశా, కొంచెం చిన్నబుచ్చుకుంది.

రెండోది, పెద్దవాళ్ళు వారానికోసారి వేసుకునే 60,000 డోసు. ఇది పొడి ప్యాకెట్టుగానూ వస్తుంది, 5 ఎం.ఎల్. బుల్లి సీసాగానూ వస్తుంది. ఆ బుల్లి సీసా చూస్తే అచ్చం పిల్లల మందులాగే ఉంటుంది. లెక్క వేయండి, అదొక్కటి పసిబిడ్డ నోట్లో పడితే నూటయాభై రోజుల మందు ఒక్క గుటకలో పోయినట్టు. డీ ఒంట్లోంచి తొందరగా బయటికి పోదు, కొవ్వులో దాచుకుంటుంది, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, ఆకలి లేకపోవడం, డీలాపడిపోవడం, కిడ్నీలకి దెబ్బ. బొద్దుగా పెరుగుతాడని, త్వరగా నడుస్తాడని ఎవరైనా చెప్తే ఆ ప్యాకెట్టు పిల్లలకి వేయకండి. డాక్టర్లు డీ లోపం ఉన్న పిల్లలకి ఎక్కువ డోసు రాస్తారు, అది వేరే లెక్క, పరీక్ష చేసి, ఇన్ని వారాలని చెప్పి రాస్తారు.

చుక్కలు వేసే పద్ధతి

వెల్లకిలా పడుకోబెట్టి గొంతులోకి చిమ్మకండి, పొలమారుతుంది. తల కొంచెం ఎత్తుగా ఒళ్ళో పెట్టుకుని, డ్రాపర్ కొస బుగ్గ లోపలివైపు ఆనించి, కొంచెం కొంచెంగా వదలండి, మింగేదాకా ఆగి మళ్ళీ. మా పెద్దోడు ఉమ్మేసేవాడు, అప్పుడు ఉగ్గుగిన్నెలో ఒక చెంచాడు పాలు తీసి దాంట్లో కలిపి పట్టేదాన్ని. సీసా నిండా పాలలో మాత్రం కలపొద్దు, సగం తాగి వదిలేస్తే ఎంత వెళ్ళిందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు రోజులది కలిపి పోయక్కర్లేదు, మామూలుగా కొనసాగించండి. డ్రాపర్ నోటికి తగిలితే కడిగి ఆరనిచ్చి సీసాలో పెట్టండి.

ఎవరు వేయాలో ఒకరికి అప్పగించండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, మా ఇంట్లో ఒకసారి పొద్దున నేను వేశాను, మధ్యాహ్నం మా అమ్మ వచ్చి "వేయలేదేమో" అని వేసింది. ఇప్పుడు స్నానం, చుక్కలు, సాంబ్రాణి, నిద్ర, ఈ వరసలో జరిగిపోతుంది, స్నానం పోసినవాళ్ళదే డ్యూటీ. క్యాలెండర్ మీద టిక్కు పెడతాం. సీసా తెరిచిన తేదీ లేబుల్ మీద పెన్నుతో రాయండి, తెరిచాక ఎన్నాళ్ళు వాడాలో పెట్టె మీద ఉంటే అది చూడండి. స్టవ్ పక్కన, టీవీ మీద, ఎండలో నిలబెట్టిన కారులో ఉంచకండి. మే నెలలో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర షాపింగ్ చేసి వచ్చేసరికి కారులోని సీసా చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది, దాన్ని పారేశాను.

ఐరన్: ఎక్కువ భయం, ఎక్కువ అవసరం

తల్లి కడుపులో ఉండగా పోగేసుకున్న ఐరన్ బిడ్డకి ఇంచుమించు ఆరు నెలలు వస్తుంది. ఆ తర్వాత తిండిలోంచి రావాలి, మనం పెట్టే మెత్తటి అన్నం, పాలు, బిస్కెట్లలో అది లేనే లేదు. 2018లో మొదలైన ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి వారానికి రెండుసార్లు 1 ఎం.ఎల్. ఐరన్ ఫోలిక్ యాసిడ్ సిరప్ ఇస్తారు, దాంట్లో 20 మిల్లీగ్రాముల ఐరన్, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 50 ఎం.ఎల్. సీసా, ఆశా కార్యకర్త చెప్పి ఇస్తారు. అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకి ఇవి మనకి కాదనే భావన ఉంది, ఎందుకో. మీ వార్డు సచివాలయంలో ఏఎన్ఎమ్‌ని అడగండి, లేదా మీ పిల్లల డాక్టర్ వేరే ఐరన్ చుక్కలు రాస్తే అవి వాడండి, రెండూ కలిపి మాత్రం కాదు. బిడ్డకి జ్వరం గట్టిగా ఉన్నప్పుడు ఆపండి. బిడ్డకి తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు) ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా, డాక్టర్ చెప్పకుండా ఐరన్ మొదలుపెట్టకండి.

తక్కువ బరువుతోనో నెలలు నిండకుండానో పుట్టిన పిల్లలకి ఐరన్ ఇంకా ముందే, రెండో నెల లోపే మొదలవుతుంది, కిలో బరువుకి ఇంత అని లెక్కకట్టి ఇస్తారు. బరువు పెరిగేకొద్దీ ఆ లెక్క మారాలి. చెకప్‌కి వెళ్ళినప్పుడు "డోసు మార్చాలా" అని మీరే అడగండి.

డ్రాప్స్, సిరప్ ఒకటి కాదు. ఇది ఐరన్‌కే కాదు, అన్నిటికీ. జ్వరం మందు ఉదాహరణ చెప్తా, పారాసెటమాల్ డ్రాప్స్‌లో మామూలుగా ఒక ఎం.ఎల్.కే 100 మిల్లీగ్రాములు, సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 125. ఐరన్‌లోనూ డ్రాప్స్ చిక్కన, సిరప్ పలచన. చీటీలో సిరప్ 5 ఎం.ఎల్. అని రాస్తే, షాపులో సిరప్ లేదని డ్రాప్స్ తెచ్చి 5 ఎం.ఎల్. పోస్తే ప్రమాదం. ఇంకోటి, లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె ఐరన్ లవణానిది కావచ్చు, కింద "ఎలిమెంటల్ ఐరన్", అంటే అందులో ఉన్న అసలు ఐరన్, అని ఉన్న అంకే మనకి కావలసింది.

ఐరన్ పాలతో ఇవ్వకండి, ఒంటికి పట్టదు. పాలు తాగాక గంటో గంటన్నరో ఆగి, ఏడాది దాటిన పిల్లలకైతే నాలుగు చెంచాల బత్తాయి రసంతో ఇస్తే బాగా పడుతుంది. మన ఇళ్ళలో ఏడాదిన్నర పిల్లాడికి కూడా సాసర్లో టీ పోసి బిస్కెట్టు ముంచి పెడతారు, ఆ టీ ఐరన్‌ని అడ్డుకుంటుంది, పూర్తిగా మానేయండి. విరేచనం నల్లగా వస్తే భయపడకండి, ఐరన్‌కి అది మామూలే. పళ్ళకి నల్ల మరకలు పడతాయి, అందుకని నాలుక వెనకవైపుకి వేసి తర్వాత నీళ్ళు పట్టండి. మా పెద్దోడికి ముందుపళ్ళు రెండూ మసిబారితే మా మామయ్య పుచ్చిపోయాయని హైరానాపడ్డారు, డాక్టర్ దగ్గర శుభ్రం చేయిస్తే పోయాయి.

అన్నిటికంటే ముఖ్యం, బాలింత ఐరన్ బిళ్ళలు పిల్లలకి అందకుండా పెట్టండి. మనం కాన్పు తర్వాత నెలల తరబడి వేసుకుంటాం, మంచం పక్కనే డబ్బా ఉంటుంది, ఎర్రగా నున్నగా జెమ్స్ బిళ్ళల్లా ఉంటాయి. గవర్నమెంటు బిళ్ళ ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్. ఏడాదిన్నర పిల్లాడు గుప్పెడు మింగితే ప్రాణం మీదకి వస్తుంది. మింగాడని అనుమానం వచ్చినా సరే, బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో కూర్చోకండి, ఐరన్ విషయంలో మొదట వాంతులయ్యి కాసేపు తేరుకున్నట్టు కనిపించి తర్వాత ముదురుతుంది. ఉప్పునీళ్ళు పోసి కక్కించడాలు వద్దు. ఆ డబ్బా పట్టుకుని 108కి ఫోన్ చేయండి, లేదా ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి పోండి, ఎన్ని బిళ్ళలు తగ్గాయో లెక్క చెప్పగలిగితే ఇంకా మంచిది.

ఏ విటమిన్: చెంచాతో పోసే పచ్చటి మందు

ఇది రోజూ ఇచ్చేది కాదు. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు మొదటి డోసు లక్ష యూనిట్లు, 1 ఎం.ఎల్. పదహారో నెల తర్వాత రెండో డోసు, అక్కడి నుంచి ఐదేళ్ళ దాకా ఆరు నెలలకోసారి, ఒక్కోటి రెండు లక్షలు, 2 ఎం.ఎల్. మొత్తం తొమ్మిది డోసులు, 17 లక్షల యూనిట్లు. పోషకాహార లోపం వల్ల పిల్లలు చూపు పోగొట్టుకోకుండా 1970లో మొదలైన జాతీయ కార్యక్రమం ఇది, దానికి ఆధారమైన పరిశోధన చాలావరకు మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థదే.

ప్రైవేటులో టీకాలు వేయించుకునేవాళ్ళ దగ్గర ఇది జారిపోతూ ఉంటుంది. మొదటి డోసు తట్టు టీకా రోజున అడుగుతాం, ఆ తర్వాత గుర్తుండదు. మా పెద్దోడికి రెండు డోసులు అలాగే పోయాయి. అర్బన్ హెల్త్ సెంటర్లో ఉచితంగా వేస్తారు, తల్లీబిడ్డల కార్డు తీసుకెళ్ళండి, వేసిన తేదీ రాయించుకోండి. తేదీ రాయించడం ఎందుకంటే, ఇక్కడ ఒకటి అక్కడ ఒకటి వేయించుకుని ఆరు నెలలు తిరక్కుండా రెండు పడకూడదు. ఏ విటమిన్ కూడా డీ లాగే ఒంట్లో నిలవుండే రకం. రోజూ మల్టీవిటమిన్ ఇస్తున్నట్టయితే దాంట్లో కూడా ఏ విటమిన్ ఉంటుంది, ఆ సీసా చూపించి అడగండి.

రోజు తిండిలో ఏ విటమిన్ కోసం మనం కష్టపడక్కర్లేదు. మామిడిపండు, బొప్పాయి, గుమ్మడి, క్యారెట్, మునగాకు, తోటకూర, గుడ్డు పచ్చసొన. ఆకుకూర పప్పులో ఒక చెంచా నెయ్యి వేయండి, కొవ్వుతో కలిస్తేనే ఏ విటమిన్ ఒంటికి పడుతుంది.

బీ12 అందరికీ కాదు, గుడ్డు కూడా ముట్టని ఇళ్ళకి. తల్లికి బీ12 తక్కువ ఉంటే పాలలో తక్కువ, బిడ్డలో తక్కువ. నవ్వే బిడ్డ నవ్వడం మానేయడం, మెడ నిలిపింది మళ్ళీ వాల్చేయడం, వేళ్ళ కణుపుల మీద నలుపు, చేతులు వణకడం, ఇలాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించండి. మీరు శాకాహారులైతే కడుపుతో ఉన్నప్పుడే మీ బీ12 పరీక్ష చేయించుకోవడం అన్నిటికంటే తేలిక.

అక్కర్లేని సీసాలు

"పిల్లాడు చిక్కిపోయాడు, ఏమీ తినట్లేదు" అనే మాట ఏడాది దాటిన పిల్లలున్న ప్రతి ఇంట్లో వినపడుతుంది. మొదటి ఏడాదిలో బరువు మూడింతలవుతుంది, మూడు కిలోలతో పుట్టినవాడు తొమ్మిది దాటతాడు. రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల తగ్గినప్పుడు ఆకలీ తగ్గుతుంది, అది జబ్బు కాదు. దానికి ఆకలి టానిక్ తెస్తారు. ఆ సీసాలు చాలావాటిలో ఉండేది సైప్రోహెప్టడిన్, అది అసలు ఎలర్జీ మందు, మత్తుగా ఉంటుంది, ఆకలి దాని పక్క ప్రభావం. మా పెద్దోడికి ఏడాదిన్నరప్పుడు చుట్టాలావిడ సలహాతో నాలుగు రోజులు పోశాను, తినడం సంగతేమో గానీ మిట్టమధ్యాహ్నం కూర్చున్నచోటే జోగేవాడు. మానేశాను. నిజానికి వాడు రోజుకి ముప్పావు లీటరు పాలు తాగుతున్నాడు, ఇంక అన్నానికి చోటెక్కడ? పాలు అరలీటరు లోపుకి తెచ్చాక పప్పన్నం దానంతటదే మొదలైంది. పాలు మరీ ఎక్కువైతే ఐరన్ కూడా పడిపోతుంది.

పళ్ళు రాలేదని కాల్షియం పోయడం ఇంకో అలవాటు. కొందరికి మొదటి పన్ను ఏడాది దాటాకే వస్తుంది, వాళ్ళ నాన్నకి ఎప్పుడొచ్చిందో నానమ్మని అడగండి, అక్కడే జవాబు దొరుకుతుంది. పాలు, పెరుగు, రాగిజావ తీసుకునే పిల్లలకి కాల్షియం సిరప్ అక్కర్లేదు, వంద గ్రాముల రాగుల్లోనే 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంది. మణికట్లు లావెక్కడం, కాళ్ళు దొడ్డిగా వంకర తిరగడం, నడక బాగా ఆలస్యం కావడం ఉంటే అది రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు, కావచ్చు, దానికి సొంత వైద్యం కాదు, ఎక్స్‌రే, రక్తపరీక్ష కావాలి.

గమ్మీలు, ఆ రంగురంగుల ఎలుగుబంటి బొమ్మలు, నాలుగేళ్ళ లోపు పిల్లలకి నా ఇంట్లోకి రానివ్వను. గొంతుకి అడ్డం పడతాయి, చక్కెర, పైగా పిల్లలకి అది చాక్లెట్టే. డబ్బా చేతికి దొరికితే ఒకటి తిని ఆగరు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో "వైద్య అవసరాలకు కాదు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉందేమో చూడండి, ఉంటే అది ఆహార పదార్థం కింద అమ్ముతున్న సప్లిమెంట్, మందు కాదు.

జింక్ మాత్రం వేరు. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్ఎస్‌తో పాటు జింక్ రాస్తారు, ఆరు నెలలు దాటినవాళ్ళకి రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకి 10, పద్నాలుగు రోజులు. మూడో రోజుకి విరేచనాలు తగ్గగానే మనం ఆపేస్తాం. ఆపకండి, పద్నాలుగూ పూర్తి చేయండి.

ఎవరికి ఈ లెక్కలన్నీ పనికిరావంటే, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, లివరు, కిడ్నీ, పేగుల జబ్బులున్నవాళ్ళు, ఫిట్స్ మందులు వాడేవాళ్ళు. ఫిట్స్ మందులు కొన్ని డీ విటమిన్‌ని తగ్గించేస్తాయి. వీళ్ళ డోసులు వాళ్ళ డాక్టర్ చెప్పినవే.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు "ఏదో తెల్ల సీసా, గులాబీ పెట్టె" అని చెప్పేకంటే ఇంట్లో పిల్లలకి పోస్తున్న ప్రతి సీసానీ, గ్రైప్ వాటర్‌తో సహా, ఒక కవర్లో వేసుకుపోండి. గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో రెండు గంటలు కూర్చున్నాక మనకి దొరికేది ఐదు నిమిషాలు, సీసాలు బల్ల మీద పెడితే ఆ ఐదు నిమిషాల్లోనే ఏది ఉంచాలో ఏది పారేయాలో తేలిపోతుంది. పోయినసారి మా కవర్లోంచి ఆవిడ రెండు తీసి పక్కన పెట్టేశారు.

వచ్చే నెల మా బుజ్జిదానికి ఏడాది. ఏడాది దాటాక డీ అవసరం రోజుకి 600 ఐయూ, అది తిండి, ఎండల్లోంచి రావాలి, బయట ఆడని పిల్లలకి కొందరు డాక్టర్లు చుక్కలు కొనసాగించమంటారు, కొందరు ఆపమంటారు. మాది నాలుగో అంతస్తు, ఆట అంతా హాల్లోనే, అందుకని పుట్టినరోజు తర్వాత చెకప్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. సీసా అడుగున ఇంకా వేలెడు మందు ఉంది. మా చెల్లెలు తనకి ఇమ్మంటోంది, దాని బాబుకి రెండో నెల. తెరిచి ఎన్నాళ్ళయిందో చూశాను. కొత్తది కొనుక్కోమన్నాను.